ఇటుక చల్లగా ఉందన్నాడు

“నా చెప్పు ఏడుందే?”

“కాలికే ఉన్నది. పండుకో.”

నాకూ నా మొగుడికీ నడుమ నడిచిన ఆఖరి మాటలు ఇవి. సర్కారు దవాఖానాలో, తెల్లారి వార్డు తుడవడానికి ఆయాలు వచ్చే వేళ. నేను చెప్పింది అబద్ధం. కాలికి చెప్పు లేదు. అసలు ఆ కాలే లేదు. మోకాలి కింది నుంచి కోసి తీసేశారు. లేని కాలికి చీమలు పాకుతున్నాయని, లేని వేళ్ళు నిప్పుల్లో పెట్టినట్టున్నాయని అంతకుముందు దాకా వార్డు అదిరేటట్టు అరిచిన మనిషి, ఆ పొద్దున ఎక్కడికో బయలుదేరేవాడిలా మెల్లగా చెప్పు అడిగాడు. ఉందన్నాను. కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరవలేదు. నేను ఏడవలేదు. ఆకలేసింది. బయటికి పోయి చాయ్‌లో బన్ను ముంచుకుని తిన్నాను.

ఇది రాస్తున్నది నా ఆడబిడ్డ, ఆ చచ్చిపోయిన మనిషికి సొంత చెల్లెలు. నల్లకుంటలో ఉంటుంది. చిక్కడపల్లిలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. నాకు సంతకం వచ్చు, బస్సు మీద నంబరు చదవడం వచ్చు, అంతే. నా మాటలను పుస్తకాల్లో ఉండే మాటల్లోకి మార్చి రాస్తానంది. మార్చుకో అన్నాను.

మాది పాలమూరు జిల్లా. కూలికని వచ్చి కాచిగూడ స్టేషన్లో దిగినప్పుడు మా దగ్గర ఉన్నవి ఒక బొంత, ఒక తాపీ. అప్పుడు అశోక్‌నగర్‌లో పాత పెంకుటిళ్ళు పడగొట్టి అపార్ట్‌మెంట్లు లేపుతున్నారు. చిక్కడపల్లి అడ్డా మీద పొద్దున్నే నిలబడితే ఎవరో ఒకరు పిలుచుకుపోయేవారు. కొన్నేళ్ళలో మా ఆయన స్లాబు మేస్త్రీ అయ్యాడు. అందరూ మేస్త్రీ అంటుంటే నేనూ మేస్త్రీ అనే అన్నాను. మురికినీళ్ళు పోయే నాలా పక్కన రేకుల గది ఒకటి కిరాయికి తీసుకున్నాం.

స్లాబు పోసే రోజు కాంక్రీటు కలిపే మిల్లరు తిరగడం మొదలుపెడితే ఆగకూడదు. మేము ఆడవాళ్ళం మెట్ల మీద వరసగా నిలబడి తట్టలు చేతి నుంచి చేతికి అందించేవాళ్ళం. మేస్త్రీ పైన పచ్చి సిమెంటు మాలులో వట్టి కాళ్ళతో నిలబడి సర్దేవాడు. సిమెంటు కాళ్ళను తింటుంది. వేళ్ళ సందులు తెల్లగా నాని పాస్తాయి, మడమలు పగులుతాయి, తోలు ఊడుతుంది. ఇది ఆ పనిలో అందరికీ ఉన్నదే. సాయంత్రం ఇంత కొబ్బరినూనె రుద్దుకుంటాం, కాపడం పెట్టుకుంటాం, పొద్దున మళ్ళీ పోతాం. అందుకే మేస్త్రీ కాళ్ళలో తిమ్మిర్లు మొదలైతే ఇంకో రోగం ఉందని ఎవరికీ తోచలేదు. సిమెంటు తిమ్మిరి అన్నారు. ఆయనా అదే అన్నాడు.

ఆ కాలు మా ఇంటికి అన్నం పెట్టింది. ఆ కాలే నా నడుం మీదా కడుపు మీదా పడింది. అయినా అది నిలవాలనే నేను కొట్లాడాను. ప్రేమ అని ఎవరైనా అనుకుంటే వాళ్ళ ఇష్టం. కాలు పోతే మనిషి పొద్దంతా గదిలోనే కూర్చుంటాడు. చేతులు రెండూ ఉంటాయి. నేను ఎక్కడికి పారిపోవాలి?

మొదట చీమలన్నాడు. పని నుంచి వచ్చి బొంత మీద వాలగానే లేచి కూర్చున్నాడు.

“బొంతల చీమలున్నయే. దులపలేదా?”

“దులిపిన. జూడు, ఒక్క చీమన్న ఉన్నదా?”

“లేకుంటే నా కాళ్ళు ఎవడు కొరుకుతున్నడు? నీ అయ్యనా?”

“మా అయ్య సచ్చి ఎన్నేండ్లాయె. ఆయనకు నీ కాళ్ళే దొరికినయా?”

ఆ మాటకు తాపీ విసిరాడు. కనుబొమ్మ మీద తెగింది. నెత్తురు కంట్లోకి కారుతుండగా బొంతను వాకిట్లో పరిచి, కుట్లు విప్పి, లోపలి పాతగుడ్డలన్నీ ఒక్కొక్కటి తీసి చూపించాను. చీమ లేదు. చీమ లేనందుకు మళ్ళీ కొట్టాడు.

కొన్నాళ్ళకు తిమ్మిరి తగ్గిందన్నాడు. తగ్గడం కాదు, పాదాలకు సోయి పోయింది. అది మాకు తెలియదు. ఆయన దాన్ని బలమనుకున్నాడు. పని దగ్గర కాలుతున్న బీడీని కింద పడేసి వట్టి కాలితో నలిపేవాడు. కూలివాళ్ళు చుట్టూ చేరి, “మేస్త్రీ, జర ఇంకొక్కసారి!” అని ఆడించేవారు. ఒకరోజు సెంట్రింగు చెక్క ఊడదీస్తుంటే మేకు అరికాల్లో దిగింది. ఆయన దాని మీదే నడుస్తున్నాడు.

“మేస్త్రీ! నీ కాలికి మేకు దిగబడ్డది!”

కాలెత్తి చూసుకుని, పటకారుతో పీకి, అవతల పారేశాడు. “పాపం, మేకుకే నొప్పయి ఉంటది,” అన్నాడు.

“అది కాలు గాదురా, రోడ్ రోలర్!” అని అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మేకు దిగినా తెలియని కాలికి, నన్ను ఎంత గట్టిగా తన్నుతున్నదో మాత్రం ఏం తెలుస్తుంది? ఆ వానకాలంలోనే నా పక్కటెముక విరిగింది.

తర్వాత మనిషి సన్నబడ్డాడు. కుండెడు నీళ్ళు తాగినా దాహమే. ఆయన మూత్రం పోసిన చోట గోడ వారగా చీమలు బారు కట్టాయి, ఈసారి నిజం చీమలే. మా ఊళ్ళో ముసలివాళ్ళు అట్లాంటిది చూస్తే తీపి రోగమనేవారు, నాకు గుర్తుంది. నారాయణగూడలో ఒక పెద్ద డాక్టరు దగ్గరికి బతిమాలి తీసుకుపోయాను. రక్తం చూశారు, షుగర్ అన్నారు.

“మాకు షుగర్ ఎట్లొస్తది సార్? జొన్న గటక తాగి పెరిగినోళ్ళం,” అన్నాడు మేస్త్రీ.

“గటక తాగినోళ్ళ జోలికి పోవద్దని దానికి ఎవరు చెప్పిన్రు?” అని డాక్టరు ఆయన్ను బల్ల మీద పడుకోబెట్టాడు. “కళ్ళు మూసుకో. దూదితో అరికాలు తాకుతా. తగిలినప్పుడల్లా చెప్పు.”

“తగిలింది,” అన్నాడు మేస్త్రీ.

దూది ఇంకా డాక్టరు చేతిలో, గాలిలోనే ఉంది.

“ఆఁ, తగిలింది. మల్ల తగిలింది.”

డాక్టరు నా ముఖం చూశాడు. నేను నేలచూపులు చూశాను. అప్పుడు నిజంగా తాకాడు, దూది పారేసి వేలితోనే గట్టిగా నొక్కాడు. మేస్త్రీ ఏమీ అనలేదు.

“నరాలు మొద్దుబారినయ్ నాయనా. ఇగ నీ పాదం నీకు ఏమీ చెప్పదు. నువ్వే రోజూ దాన్ని కళ్ళతో చూడాలె. కాలు పెట్టే ముందు చెప్పు లోపల చూడాలె. ఇంట్ల గూడ వట్టి కాళ్ళతో తిరగొద్దు. వేడి నీళ్ళు వద్దు. కాపడం అసలే వద్దు. అర్థమయిందా?”

“ఇంట్ల దేవుని పటం ముందర చెప్పులేసుకొని తిరగాల్నా సార్?”

“దేవుడు ఏమనుకోడు. పుండు పడితే మాత్రం నేను కత్తి పట్టాల్సొస్తది.”

బయటికి వచ్చి చౌరస్తా వైపు నడిచాం. తారు మెత్తబడే ఎండ. ఆయన ముందు, నేను వెనక. జూస్ బండి దగ్గర ఆయన కుడి చెప్పు కాలి నుంచి జారి అక్కడే ఉండిపోయింది. ఆయన ఆగలేదు. ఒక కాలికి చెప్పు, ఒక కాలు వట్టిది, సమానంగా నడుస్తూ పోతున్నాడు. నేను చెప్పు తీసుకుని పరుగెత్తాను.

“నీ చెప్పు ఊడిపోయింది.”

“ఏ చెప్పు?”

“కుడికాలిది. ఇగో. నువ్వు వట్టి కాలుతోని నడుస్తున్నవ్.”

ఎగతాళి చేస్తున్నానని అనుకున్నాడు. డాక్టరు ముందు పోయిన పరువంతా ఆ నిమిషం గుర్తొచ్చినట్టుంది. ఎడమకాలి చెప్పు తీసి, చౌరస్తా నడుమ, నా చెంపల మీద వాయించాడు. ఆటోలు ఆగాయి. మల్లెపూలు అమ్ముకునే ఒక పెద్దామె గంప వదిలి లేచింది.

“ఏందయ్యా, బజార్ల ఆడిదాన్ని కొడుతున్నవ్! నువ్వు తాగినవా, నీకు ముందుగాలనే తెలివి లేదా?”

“నీ పూలు నువ్వు అమ్ముకోవే ముసల్దానా.”

“అమ్ముకుంట. నువ్వు ముందు నీ కాలు జూస్కో. నెత్తురు మరకలు పడుతున్నయ్.”

వెనక్కి చూస్తే నిజమే. జూస్ బండి దగ్గర నుంచి మా దాకా తారు మీద ఎర్ర మచ్చలు. సీసా పెంకు దిగి ఉంది. దాన్ని నేనే తీశాను, ఆ దెబ్బలు తిన్న ముఖంతోనే. డాక్టరు ఇచ్చిన షుగర్ గోళీలను ఆయన ఆ రోజే నాలాలో పోశాడు.

పెంకు పుండు ఎట్లాగో మానింది. చలికాలంలో తిమ్మిరి మళ్ళీ లేచింది. మొద్దుబారిన కాలికి మంట ఎట్లా తెలుస్తుందని అడగకండి. ఇప్పుడు నాకూ అదే ఉంది కాబట్టి చెబుతున్నాను. పైన తాకితే తెలియదు, లోపల మాత్రం సూదులు దింపుతున్నట్టే ఉంటుంది. ఆయన ఆ మంటకు గోడలు గుద్దేవాడు, గిన్నెలు తన్నేవాడు, అవి అయిపోయాక నన్ను.

ఒక ఆదివారం పగలు, కూలి గుంపులో ఎవరో చెప్పారని ఇటుక తెచ్చాడు. ఇటుకను పొయ్యిలో కాల్చి, మీద జిల్లేడు ఆకులు పరిచి, తడి గోనెపట్ట చుట్టి, దాని మీద పాదం ఆనించడం మాకు కొత్త వైద్యం కాదు. మా అమ్మ మోకాళ్ళకు నేనే పెట్టేదాన్ని.

“డాక్టరు కాపడం వద్దన్నడు.”

“డాక్టరు ఎన్నడన్న స్లాబు పోసిండా?”

పోట్లాడాను. కట్టెతో వీపు మీద కొట్టి కాల్పించాడు. ఆకులు పరిచి, గోనె చుట్టి పెట్టాను. పాదం ఆనించాడు.

“సల్లగున్నది.”

“ఆవిరి లేస్తున్నది, కండ్లకు కనబడుతలేదా?”

“సల్లగున్నదంటున్న గదా. నాకాడ నకరాలా? మల్ల కాల్చు.”

మళ్ళీ కాల్చాను. ఈసారి గోనె తీసేయమన్నాడు. ఆకుల మీదే పాదం పెట్టాడు. ఆకులు నల్లగా ముడుచుకున్నాయి. పచ్చి వాసన, దాని వెనక ఇంకో వాసన. చల్లగా ఉందన్నాడు. నా జుట్టు పట్టి తలను రేకుకేసి బాదాడు. రేకు పిడుగు పడ్డట్టు మోగింది.

“నన్ను పిచ్చోన్ని జేస్తున్నవా? నువ్వే పట్టి చెప్పు, సల్లగుందా లేదా!”

నా కుడిచెయ్యి గుంజి అరచెయ్యి ఇటుక మీద పెట్టాడు. పైన తన పాదం వేసి తొక్కాడు.

చుయ్‌మంది. నేను అరిచిన అరుపుకు పక్క గదుల వాళ్ళు తలుపు తోసుకుని వచ్చారు. ఆయన కాలు తీసి వెనక్కి ఒక అడుగు వేశాడు. నేల మీద తడిగా అచ్చు పడింది. అది నీళ్ళు కాదు. నేను ఎడమచేత్తో ఆయన చీలమండ పట్టి గుంజి కింద కూలేశాను. పాదం ఎత్తి ఆయన ముఖం ముందు పెట్టాను. మడమ నుంచి వేళ్ళ దాకా తోలు, ఉడికిన ఆలుగడ్డ పొట్టులాగా ఊడి వేలాడుతోంది.

“జూడు! ఇటుక సల్లగ లేదు. నీ కాలు సచ్చింది. జూడు!”

చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ కళ్ళలో భయం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. అబద్ధమెందుకు, నాకు కడుపు నిండినట్టయింది. ఆ వెంటనే ఎడమకాలితో నా దవడ మీద తన్నాడు. పన్ను ఊడింది.

కాలిన చేతికి గుడ్డ చుట్టుకుని, రెండో చేత్తో ఆయన పుండు కడిగాను. ఆయనకు నొప్పి లేదు. కడిగే నాకే మూలుగు. నొప్పి లేదు కాబట్టి రెండు రోజులకే లేచి పనికి పోయాడు, పచ్చి సిమెంటులోకి. ఇంటికి వచ్చేసరికి కట్టు బూడిదరంగులో గట్టిపడి ఉండేది. నీళ్ళు పోసి నానబెట్టి విప్పాల్సి వచ్చేది. ఒక సాయంత్రం విప్పితే చిన్నవేలూ దాని పక్క వేలూ నల్లగా ఉన్నాయి. బస్తీలో నలుగురు మగవాళ్ళు పట్టుకుని ఆటోలో పడేస్తే సర్కారు దవాఖానాకు తీసుకుపోయాను.

అక్కడ డాక్టరమ్మ చిన్నది, కానీ మాట తిప్పలేదు. “రెండు వేళ్ళు పోయాయి. ఇవాళ తీసేస్తే పాదం మిగులుతుంది. ఆలస్యమైతే ఎంత పోతుందో నేను చెప్పలేను.”

“తీయండమ్మా,” అన్నాను నేను.

“వేళ్ళు లేకుంటే మాలు మీద కాలు నిలుస్తదా? జారి కింద పడి సస్త,” అన్నాడు మేస్త్రీ.

అప్పుడు వచ్చింది ఈ రాస్తున్న మనిషి, నల్లకుంట నుంచి, ఏడ్చుకుంటూ. అన్న మట్టి మోసి ఈమెను పదో తరగతి దాకా చదివించాడు. ఆ ప్రేమ నాకు తెలుసు.

“వదినా, మా అన్న వేళ్ళు కోయించి మూలకు కూసోబెడదామనుకుంటున్నవా? కొట్టినందుకు కక్ష తీర్సుకుంటున్నవా?”

“వేళ్ళే గదనే పోయేది!”

“ఇయ్యాల వేళ్ళంటరు, రేపు కాలంటరు. మన దిక్కు పసరు కట్టేటాయన ఉన్నడు. ఎంత పుండయినా మాన్పుతడు.”

ఇక్కడికి రాగానే పెన్ను ఆపింది.

“వదినా, ఇది గూడ రాయాల్నా?”

“రాయి.”

“అన్నకు జర గూడ నొప్పి లేకుండె గదా. పెద్ద పుండయితే మనిషి మొత్తుకుంటడనుకున్న. నొప్పి లేదంటే తక్కువనే ఉందనుకున్న.”

“అది గూడ రాయి. నువ్వొక్కదానివే అనుకోలేదు. స్లాబు మీద ఉన్న ప్రతోడూ గదే అనుకుంటడు.”

రాసింది. సరే, తర్వాతది చెబుతున్నాను. పసరు కట్టించడానికి ఆడబిడ్డ ఆయన్ను దవాఖానా గేటు దగ్గర ఆటో ఎక్కిస్తుంటే నేను ఆటో కడ్డీ పట్టుకుని వేలాడాను. కాలిన చెయ్యి చిట్లి కడ్డీ అంతా నెత్తురయింది. ఆడబిడ్డ నా వేళ్ళు ఒక్కొక్కటి విడదీసింది. నేను దాని చెయ్యి కొరికాను. అది నా కొప్పు పట్టి గుంజింది. మేస్త్రీ లోపల కూర్చునే మోచేత్తో నా ముఖం మీద పొడిచాడు. ఆటో కదిలితే కొంతదూరం రోడ్డు మీద ఈడ్చుకుంటూ పోయింది నన్ను. వదిలేశాను.

పసరు కట్టుతో వాళ్ళు తిరిగి వచ్చేసరికి ఒక పండుగ వెళ్ళిపోయింది. గదిలోకి మనిషి రాకముందే వాసన వచ్చింది. పాదం మొత్తం నలుపు, పైన ఎరుపు మోకాలి వైపు ఎక్కుతోంది. ఆయన ఒళ్ళు కాలిపోతోంది. ఈసారి ఎవరూ ఎవరినీ ఆపలేదు. కాగితం మీద నేనే సంతకం పెట్టాను, కుట్లు పడ్డ చేత్తో. కాలు తీసేశారు. విషం అప్పటికే నెత్తుట్లోకి ఎక్కిందని డాక్టరమ్మ తర్వాత చెప్పింది.

ఆయన పోయాక తట్ట మోయడం మానేశాను. అశోక్‌నగర్‌లో పరీక్షలకు చదువుకునే ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తున్నాను. కొంతకాలానికి రెండు బొటనవేళ్ళలో సురసుర మొదలైంది. ఆ రోజు పప్పు మాడిపోయినా నాకు తెలియలేదు, పొయ్యి ముందు అట్లాగే కూలబడ్డాను. తర్వాత లేచి, కాళ్ళను బూతులు తిట్టి, నారాయణగూడ పోయి రక్తం చూపించుకున్నాను. షుగరే.

నేను చేసేది చెబుతాను. గోళీ తప్పించను. వంటింట్లో కూడా చెప్పులు వేసుకుంటాను, వెనక పట్టీ ఉన్నవి, ఊడనివి. హాస్టలు ఓనరమ్మ, “ఏందమ్మా, రాణిగారు చెప్పులిడవరా?” అంటే, “రాణులకు కాళ్ళు మల్ల మొలుస్తయేమో, నాకు మొలవయ్,” అన్నాను. స్నానం నీళ్ళను మోచేత్తో చూస్తాను. ఒక పాత స్కూటరు అద్దం సంపాదించి, పొద్దు గూకే ముందు వెలుతురులో అరికాళ్ళు చూసుకుంటాను, వేళ్ళ సందులు కూడా. తెల్ల మేజోళ్ళు తొడుగుతాను, నెత్తురు మచ్చ పడితే కనబడుతుందని. సూదులు దిగే పొద్దుల్లో పళ్ళు కొరుక్కుని గదిలో నడుస్తాను. రుద్దను, కాల్చను. ఒక్కోసారి గోడను గుద్దాలనిపిస్తుంది. గుద్దుతాను కూడా. గోడకు ఏమీ కాదు.

చిక్కడపల్లి అడ్డా మీదుగా పోతూ ఎవడైనా బీడీని వట్టి కాలితో నలుపుతుంటే ఆగుతాను. తల్లినీ చెల్లినీ కలిపి తిడతాను. “చెప్పులక్క వచ్చిందిరో!” అని నవ్వుతారు. మొన్న ఒకడు నవ్వలేదు. వెంట వచ్చి, “అక్కా, నాక్గూడ తెలుస్తలేదు,” అన్నాడు. వాణ్ణి చెయ్యి పట్టి నారాయణగూడ డాక్టరు దగ్గరికి ఈడ్చుకుపోయాను. వద్దంటే వీపు మీద ఒకటి ఇచ్చాను.

ఇంతే. ఇగ పెన్ను పక్కన పెట్టి, రాసింది చదువు. మొదటి నుంచి కాదు, దవాఖానా గేటు దగ్గర నుంచి చదువు. నా మాటలు నేను పోల్చుకునేటట్టు, మెల్లగా. ఏడుపు తర్వాత ఏడుద్దువు గానీ, నీ ఏడుపులో నాకు అక్షరం వినబడదు. ఊఁ, చదువు.